టేపు కాలిపోలేదు

ప్లేస్‌మెంట్ సీజన్ మొదలైందంటే మన సెమినార్ హాల్లో ఒక మాట తప్పకుండా వినపడుతుంది: "టాలెంట్ ఉంటే ఎప్పటికైనా గుర్తింపు వస్తుంది." వచ్చిన గెస్ట్ ఎవరైనా సరే, ఈ మాట చెప్పకుండా మైకు వదలరు. మనం చప్పట్లు కొడతాం. సాయంత్రం షార్ట్‌లిస్ట్ వస్తుంది. అందులో పేరు లేనివాడు రూమ్‌కి వెళ్ళి అదే మాటని తిరగేసి చదువుకుంటాడు: "నాకు గుర్తింపు రాలేదంటే, నాలో టాలెంట్ లేదన్నమాట."

వాడి లాజిక్‌లో తప్పేమీ లేదు. డిస్క్రీట్ మ్యాథ్స్‌లో కాంట్రాపాజిటివ్ అని చదువుకున్నాం కదా, అదే ఇది. మొదటి వాక్యం నిజమైతే తిరగేసింది కూడా నిజమై తీరాలి. "ఎప్పటికైనా" అనే పదం అడ్డం పెట్టుకుని కొన్నాళ్ళు వాయిదా వెయ్యొచ్చు, అంతే. కాబట్టి వాడు చదువుకున్న వాక్యం అబద్ధమని మనం అనాలంటే, సెమినార్ హాల్లో విన్న వాక్యం కూడా అబద్ధమేనని ఒప్పుకోవాలి. నేను ఒప్పుకుంటున్నాను. నా తరఫు సాక్షి పేరు బెట్టీ లవెట్.

"ఎవరావిడ?" అంటారని తెలుసు. ఆ ప్రశ్న దగ్గర్నుంచే మొదలుపెడతాను.

సోల్ మ్యూజిక్ అంటే అరీతా ఫ్రాంక్లిన్, ఓటిస్ రెడింగ్, మార్విన్ గే లాంటి పేర్లు మనలో కొందరికైనా తెలుసు. అమెరికాలో నల్లజాతి వాళ్ళ చర్చి పాటల్లోంచీ, రిథమ్ అండ్ బ్లూస్‌లోంచీ 1950లలో పుట్టుకొచ్చిన సంగీతం అది. దేవుణ్ణి పిలిచినంత ఆర్తితో ప్రేమ గురించీ, మోసం గురించీ పాడతారు. అందులో చాలామంది చర్చి కాయిర్‌లో గొంతు విప్పినవాళ్ళే. బెట్టీ లవెట్ మాత్రం ఇంటి ముందు గదిలో పాట నేర్చుకుంది. 1946 జనవరి 29న మిషిగన్ రాష్ట్రంలోని మస్కీగన్‌లో పుట్టి డెట్రాయిట్‌లో పెరిగింది. అసలు పేరు బెట్టీ జో హాస్కిన్స్. వాళ్ళ అమ్మానాన్నలు ఇంట్లోనే నాటుసారా అమ్మేవారు. వచ్చినవాళ్ళ కోసం ఆ గదిలో జ్యూక్‌బాక్స్ ఉండేది, అంటే నాణెం వేస్తే రికార్డు మోగే పెట్టె. ఆవిడకి అదే సంగీత పాఠశాల.

ఆ కాలపు డెట్రాయిట్ అంటే కార్ల ఫ్యాక్టరీల ఊరు. అక్కడి అసెంబ్లీ లైన్లో పనిచేసిన బెర్రీ గోర్డీ 1959లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పెట్టాడు. ఆ ఊళ్ళో పాడగలిగిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ రికార్డు కలలు వచ్చే రోజులవి. బెట్టీకి ఆ కల పదహారేళ్ళకే నిజమైంది. 1962లో "మై మ్యాన్, హీ ఈజ్ ఎ లవిన్ మ్యాన్" అనే పాట రికార్డు చేస్తే దాన్ని న్యూయార్క్‌లోని అట్లాంటిక్ రికార్డ్స్ తీసుకుంది. రిథమ్ అండ్ బ్లూస్ చార్టులో 7వ స్థానం దాకా వెళ్ళింది. ఇంటర్ చదివే వయసులో దేశమంతా టూర్లు!

ఇక్కడే ఒక విషయం దాచకుండా చెప్పాలి. అట్లాంటిక్ కంపెనీని కొద్దికాలానికే వదిలేసింది ఆవిడే. దుడుకు వయసు. కాబట్టి ఇదంతా పాపం ఆవిడ, దుర్మార్గపు కంపెనీలు అనే కథ కాదు. 1965లో కాలా అనే చిన్న లేబుల్ కోసం "లెట్ మీ డౌన్ ఈజీ" పాడింది. ఆ పాట చార్టులో 20వ స్థానానికి చేరింది. 1969లో మెంఫిస్ వెళ్ళి సిల్వర్ ఫాక్స్ అనే ఇంకో లేబుల్‌కి పాడింది. ప్రతిచోటా రెండు మూడు సింగిల్స్, తర్వాత ఇంకో కంపెనీ. ఆల్బమ్ మాత్రం ఒక్కటీ లేదు. సింగిల్ అంటే ఒక వైపు ఒక పాట, రెండో వైపు ఇంకోటి. నాలుగు వారాలు మోగుతుంది, తర్వాత షాపులోంచి కూడా మాయమవుతుంది. ఆల్బమ్ ఉన్నవాళ్ళ పేరు షెల్ఫులో నిలబడుతుంది. ఆవిడకి ఆ షెల్ఫు దొరకలేదు.

1972లో దొరికినట్టే అనిపించింది. అట్లాంటిక్ కుటుంబానికే చెందిన ఆట్‌కో లేబుల్ ఆవిడని అలబామాలోని మజిల్ షోల్స్‌కి పంపించింది. చిన్న ఊరే గానీ అక్కడి స్టూడియోల్లో రికార్డు చేయించుకోవాలని పెద్ద పెద్ద గాయకులు వరస కట్టేవారు. బ్రాడ్ షపీరో ప్రొడ్యూసర్. ఆల్బమ్ పేరు "చైల్డ్ ఆఫ్ ది సెవెంటీస్". రికార్డింగ్ పూర్తయింది. ప్రచారానికి తిరగడం కోసం విమానం టికెట్లు కూడా చేతికొచ్చాయి. అప్పుడు ఫోన్ వచ్చింది. ఆల్బమ్ ఆపేశాం, టికెట్లు వెనక్కి పంపమని. ఎందుకు ఆపారో ఆవిడకి సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు. వైన్ సీసా పట్టుకుని డైనింగ్ టేబుల్ కిందకి దూరి రోజుల తరబడి బయటికి రాలేదని తర్వాత ఆవిడే ఇంటర్వ్యూల్లో చెప్పుకుంది. అప్పటికి వయసు 26. మనలో ఫైనల్ ఇయర్ వాళ్ళ కంటే నాలుగైదేళ్ళు పెద్ద.

ఆ తర్వాత? 1970ల చివర్లో "బబ్లింగ్ బ్రౌన్ షుగర్" అనే బ్రాడ్‌వే మ్యూజికల్‌తో ఊరూరా తిరిగింది. 1978లో ఒక డిస్కో పాట పాడింది. 1982లో మోటౌన్ కోసం "టెల్ మీ ఎ లై" వచ్చింది. మొదటి సింగిల్ వచ్చిన 20 ఏళ్ళకి మొదటి ఆల్బమ్! అది కూడా ఎలాగంటే, తన ఊళ్ళో పుట్టిన మోటౌన్ అప్పటికే లాస్ ఏంజెలెస్‌కి మకాం మార్చేసింది, రికార్డింగేమో నాష్‌విల్‌లో జరిగింది. ఆ ఆల్బమ్ కూడా పెద్దగా నిలబడలేదు. మళ్ళీ డెట్రాయిట్, మళ్ళీ చిన్న చిన్న క్లబ్బులు.

ఇప్పుడు కథ ఫ్రాన్స్‌కి వెళ్తుంది. జీల్ పెటార్ అని ఒక ఫ్రెంచి రికార్డు సేకర్త ఉన్నాడు. ఆవిడ సింగిల్స్ విన్నవాడు. విడుదల కాని ఆల్బమ్ ఒకటుందని తెలిసి వెతకడం మొదలుపెట్టాడు. అట్లాంటిక్ వాళ్ళ టేపులు దాచిన గోడౌన్ 1978లో న్యూజెర్సీలో తగలబడింది. వేలకొద్దీ టేపులు బూడిదయ్యాయి. ఇవి కూడా అందులో పోయాయనే మాట ఉండేది. పెటార్ ఆ మాట దగ్గర ఆగిపోలేదు. టేపులు దొరికాయి. హక్కులు తీసుకుని 2000లో "సువెనీర్స్" అనే పేరుతో ఫ్రాన్స్‌లో విడుదల చేశాడు. విన్నవాళ్ళు ఇన్నాళ్ళూ ఈవిడ ఎక్కడుందని అడగడం మొదలుపెట్టారు. ఆవిడ వయసు అప్పటికి 54.

మన భాషలో చెప్పాలంటే ఇక్కడొక చక్కటి ప్రయోగం జరిగింది. 1972లో ఆ టేపు విలువ సున్నా. 2000లో అదే టేపుకి చప్పట్లు. మధ్యలో 28 ఏళ్ళు ఆ టేపు బీరువాలో కూర్చుని సాధన చెయ్యలేదు. సాఫ్ట్ స్కిల్స్ నేర్చుకోలేదు. రెజ్యూమె మార్చుకోలేదు. అందులోని గొంతు ఒక్క శ్రుతి కూడా మెరుగుపడలేదు. ఇన్‌పుట్ అదే, అవుట్‌పుట్ మారింది. అంటే మారింది మధ్యలో ఉన్న సిస్టమ్. ఈ ముక్క ల్యాబ్‌లో ఫస్ట్ ఇయర్ కుర్రాడు కూడా చెప్తాడు. మనుషుల విషయానికొచ్చేసరికి మాత్రం, అవుట్‌పుట్ సున్నా అని చూడగానే ఇన్‌పుట్ సున్నా అని రికార్డు బుక్‌లో రాసేసుకుంటాం.

"చివరికి గుర్తింపు వచ్చింది కదా, మరి సెమినార్ హాల్ మాటే నిజమైంది" అని మా రూమ్మేట్ అన్నాడు. మీలోనూ కొందరు ఇప్పుడు అదే అనుకుంటూ ఉంటారు. వచ్చిన మాట నిజమే. 2003లో "ఎ వుమన్ లైక్ మీ" అనే ఆల్బమ్, 2004లో దానికి డబ్ల్యూ.సి. హ్యాండీ అవార్డు వచ్చాయి. ఏ విభాగంలోనో తెలుసా? "కమ్‌బ్యాక్" ఆల్బమ్. ఎక్కడికీ వెళ్ళని మనిషికి తిరిగొచ్చినందుకు బహుమతి! 2005లో యాంటీ అనే లేబుల్, జో హెన్రీ ప్రొడ్యూసర్‌గా, అన్నీ ఆడవాళ్ళు రాసిన పాటలతో ఒక ఆల్బమ్ చేయించింది. దానితో పేరు గట్టిగా వినపడింది. 2007లో మళ్ళీ మజిల్ షోల్స్ వెళ్ళి డ్రైవ్-బై ట్రక్కర్స్ బ్యాండ్‌తో పాడింది. ఆ ఆల్బమ్‌కి "ది సీన్ ఆఫ్ ది క్రైమ్" అని పేరు పెట్టుకుంది, అంటే నేరం జరిగిన చోటు అని. 2008 డిసెంబర్‌లో కెన్నెడీ సెంటర్ సత్కార సభలో ది హూ బ్యాండ్ పాటని వాళ్ళ ఎదురుగానే పాడింది. 2009 జనవరిలో ఒబామా ప్రమాణ స్వీకారానికి రెండు రోజుల ముందు లింకన్ మెమోరియల్ దగ్గర, లక్షల జనం ముందు, జాన్ బాన్ జోవీతో కలిసి శామ్ కుక్ పాట పాడింది. గ్రామీ నామినేషన్లు చాలాసార్లు వచ్చాయి, అవార్డు రాలేదు.

ఇదంతా నిజమే గానీ, ఎలా వచ్చిందో చూడండి. గోడౌన్ మంటల్లో ఆ టేపులు ఉండి ఉంటే? పెటార్ ఇంకో గాయని పిచ్చివాడై ఉంటే? అప్పుడు కూడా ఆవిడ అదే గాయని. మన దగ్గర మాత్రం ఈ వ్యాసం ఉండేది కాదు. ఆ మంటల్లో నిజంగానే కాలిపోయిన టేపుల్లో ఎవరెవరి గొంతులున్నాయో వాళ్ళ కథలు ఏ గెస్ట్ లెక్చర్‌లోనూ రావు. గెలిచి మిగిలినవాళ్ళని మాత్రమే లెక్కపెట్టి సూత్రం తయారుచేస్తే అది సర్వైవర్‌షిప్ బయాస్ అవుతుందని స్టాటిస్టిక్స్ సబ్జెక్టులో రాసి మార్కులు తెచ్చుకున్నాం. ప్లేస్‌మెంట్ హాల్లోకి రాగానే అది సిలబస్ బయటి విషయమైపోతుంది.

డబ్బు సంగతీ చూడాలి. బెట్టీ పాటలు రాయదు. ఇతరులు రాసినవి తీసుకుని, వేగం తగ్గించి, ఆ జీర గొంతుతో పూర్తిగా తనవిగా మార్చి పాడుతుంది. అమెరికాలో మామూలు ఏఎం, ఎఫ్ఎం రేడియోలో ఒక పాట వస్తే రాసినవాళ్ళకి డబ్బు వెళ్తుంది, పాడినవాళ్ళకి వెళ్ళదు. అక్కడి చట్టం అలా ఉంది. అంటే ఆవిడ పాట రేడియోలో రోజూ మోగినా ఆవిడ జేబులో పడేది ఏమీ ఉండదు. ఇందులో ప్రతిభకి ఏం సంబంధం ఉంది? నియమం ఎలా రాసుకున్నారన్నదే లెక్క. కట్-ఆఫ్ 7.5 పెడితే 7.4 వాడు బయట, 7 పెడితే లోపల. వాడి బుర్ర రెండు సందర్భాల్లోనూ ఒకటే.

మరి 40 ఏళ్ళు ఆవిడ ఏ నమ్మకంతో నిలబడింది? నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఇదే. 1960లలో జిమ్ లూయిస్ అనే మేనేజర్ ఆవిడకి దొరికాడు. ఆయన ఆవిడకి చెప్పింది ఒక్కటే: నువ్వు స్టార్ ఎప్పటికీ కాకపోవచ్చు, కానీ చాలా పాటలు బాగా నేర్చుకుంటే బతికినంత కాలం పాడుకుని బతకగలవు. పాత పాటలన్నీ కూర్చోబెట్టి నేర్పించాడు. ఏ పాటనైనా, ఏ హాల్లోనైనా, ముందు పదిమందే ఉన్నా పాడగలిగేలా తయారుచేశాడు. ఆవిడ ఆ పనే చేసింది. 2008లో ఆ పెద్ద సభలో అందరూ నోళ్ళు తెరిచి చూసిన పాట, డెట్రాయిట్ చిన్న క్లబ్బుల్లో వేల రాత్రులు పాడిన మనిషి పాడిన పాట. ఆ రాత్రుల్లో పాడింది గుర్తింపు వస్తుందన్న హామీతో కాదు. ఆ రాత్రి పని అది, ఆ నెల ఖర్చు అది.

సెమినార్ హాల్ మాటనీ జిమ్ లూయిస్ మాటనీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది ఎవరి చేతిలోనూ లేనిదాన్ని హామీ ఇస్తుంది. అది రానప్పుడు తప్పు మన మీదకి నెడుతుంది. రెండోది హామీ ఇచ్చేది మన చేతిలో ఉన్నదాన్నే. తిరగేసి చదివినా ఎవరి మనసూ విరగదు. మన గెస్టులు రెండోది చెప్తే బాగుండును. చప్పట్లు తక్కువ పడతాయేమో.

అయితే ఇదేదో దిగులుపడ్డవాళ్ళకి ఓదార్పు అని ఆపేస్తే సగమే చెప్పినట్టు. సిస్టమ్ మధ్యలో ఉంటుందన్నాం కదా, ఆ సిస్టమ్‌లో మనమూ ఉన్నాం. ఫెస్ట్‌కి పాడేవాళ్ళని ఎంచేది మనం. ఈ పత్రికకి కథలు ఎంచేది మనం. ప్రాజెక్టు టీమ్‌లోకి ఎవర్ని తీసుకోవాలో తేల్చేది మనం. ఇంకో ఐదారేళ్ళకి ఇంటర్వ్యూ బల్లకి అవతలి వైపు కూర్చునేది మనలో కొందరు. అప్పుడు మన చేతిలో కొన్ని టేపులు ఉంటాయి.

పత్రిక వాళ్ళ ముందు రెండు చిన్న ప్రతిపాదనలు పెడుతున్నాను. ఒకటి, తీసుకోని ప్రతి రచనకీ, ప్రతి ఆడిషన్‌కీ కారణం రెండు లైన్లలో రాద్దాం. "ఈ సంచికలో పేజీలు నిండిపోయాయి" అన్నది కారణమైతే అదే రాద్దాం. బెట్టీకి ఆల్బమ్ ఆగిపోయినందుకు ఎంత బాధో, ఎందుకు ఆగిందో తెలియనందుకూ అంతే బాధ. కారణం తెలియనివాడు ప్రతిసారీ తననే కారణంగా పెట్టుకుంటాడు. రెండు, లైబ్రరీ పైఅంతస్తులో స్పైరల్ బైండింగ్ వేసిన పాత ప్రాజెక్టు రిపోర్టులు బీరువాల నిండా ఉన్నాయి. వైవా అయ్యాక వాటిని తెరిచినవాళ్ళు లేరు. ప్రతి సంచికకీ మనలో ఒకరు ఒక్క రిపోర్టు తీసి, చదివి, పేజీ రాద్దాం. చాలావాటిలో ఏమీ ఉండదని నాకూ తెలుసు. పెటార్‌కి కూడా అడిగిన ప్రతిచోటా టేపు దొరికి ఉండదు కదా.

చివరిగా, వినాలనుకునేవాళ్ళకి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముందు 1965 నాటి "లెట్ మీ డౌన్ ఈజీ" వినండి. తీపి గొంతులు అలవాటైన చెవులకి మొదటి నిమిషం కాస్త గరుగ్గా ఉంటుంది, ఆగండి. తర్వాత 1972 మజిల్ షోల్స్ పాటలు వినండి. అవి విన్నప్పుడు తేదీ గుర్తుంచుకోండి: వీటిని విడుదలకి పనికిరావని పక్కన పెట్టిన రోజులవి. ఆ తర్వాత 2008 కెన్నెడీ సెంటర్ వీడియో చూడండి. బాల్కనీలో కూర్చున్న పీట్ టౌన్‌షెండ్, ఆ పాట రాసిన మనిషి, తన పాటని కొత్తగా వింటున్నట్టు చూస్తుంటాడు. నచ్చితే పక్క రూమ్‌లో ఒకరికి పంపండి. ఎవరావిడ అని అడుగుతారు. చెప్పండి.